13 ఏళ్ళ బాబుకి మోకాలి కింద బొడిపె, నొప్పి. వాలీబాల్ మానిపించేయాలా?

నరసన్నపేట అమ్మ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా పెద్దబ్బాయికి 13 నిండాయి, ఎనిమిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు. వాడికి వాలీబాల్ అంటే ప్రాణం. మా ఊళ్ళో సాయంత్రమైతే మగపిల్లలంతా కోర్టు దగ్గరే ఉంటారు, వాడు చిన్నప్పుడు పెద్దవాళ్ళకి బంతులు ఏరి ఇస్తూ ఇస్తూ ఆట నేర్చుకున్నాడు. ఈ ఏడాది స్కూల్లో లాంగ్ జంప్‌కి కూడా పెట్టారు. పొద్దున్న జంప్, సాయంత్రం వాలీబాల్, ఆదివారమైతే రెండు పూటలా ఆటే.

జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి కుడి మోకాలు నొప్పి అంటున్నాడు. మొదట ఆడి వచ్చాక మాత్రమే ఉండేది, ఇప్పుడు మెట్లు దిగినా, గొంతుక్కూర్చున్నా నొప్పే. మోకాలి చిప్పకి కాస్త కింద, ఎముక మీద బొడిపెలాగా లేచింది, ముట్టుకుంటే చెయ్యి లాగేస్తాడు. ఎడమ కాలికి కూడా కొంచెం ఉంది గానీ నొప్పి అంత లేదు. పొడుగు మాత్రం గబగబా ఎదుగుతున్నాడు, పోయిన దసరాకి కొన్న ప్యాంట్లు చీలమండ పైకి వచ్చేశాయి.

మా ఊరి ఆర్ఎంపీ గారు ఇంజక్షన్ చేశారు. రెండు రోజులు తగ్గింది, ఆ రెండు రోజులూ వాడు బాగా ఆడేశాడు, మూడో రోజు కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు. మా అత్తగారు కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె పెట్టి ఆ బొడిపె మీదే గట్టిగా రుద్దుతున్నారు, వాడు ఏడుపొకటే తక్కువ. పక్కింటావిడ "ఎదిగే నొప్పులమ్మా, అవే పోతాయి" అంటుంది. మా ఆయన చెన్నైలో పని, ఫోన్‌లో "ఆట మానిపించెయ్, చదువుకోమను" అంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి వీడు నొప్పి ఉన్నా చెప్పడం మానేశాడు, అది నాకు ఇంకా భయంగా ఉంది. బొడిపె అనేసరికి రాత్రుళ్ళు ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి. ఎక్స్‌రే తీయించాలా? ఎవరికి చూపించాలి? ఆట నిజంగా మానిపించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పీఈటీ మాస్టారు, నెల్లిమర్ల వైపు

అమ్మా, నేను పాతికేళ్ళ బట్టి పిల్లల్ని ఆడిస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, కానీ ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బాగా ఎగిరే, పరిగెత్తే పిల్లల్లో ప్రతి ఏడాదీ ఇలాంటి మోకాళ్ళు చూస్తూనే ఉన్నాను. సరిగ్గా ఆ వయసు, సరిగ్గా ఆ చోటు. చాలామందికి అదే తగ్గింది, కానీ డాక్టర్‌కి ఒకసారి చూపించకుండా "అదే పోతుంది" అని నేనెవరికీ చెప్పను.

మీరు స్కూలుకి వెళ్ళి ఒక్క మాట కనుక్కోండి. వాడి చేత గుంజీలు, కప్పగంతులు తీయిస్తున్నారా? లేటుగా వస్తే మోకాళ్ళ మీద నిలబెడుతున్నారా? నేనూ మొదట్లో వార్మప్ పేరుతో గ్రౌండ్ చుట్టూ కప్పగంతులు వేయించేవాడిని, మాకు మా మాస్టార్లు అలాగే నేర్పారు కాబట్టి. ఒక అమ్మాయి ఏడుస్తూ కూర్చుండిపోయాక డాక్టర్ చెబితే తెలిసింది, ఈ నొప్పి ఉన్న పిల్లకి అంతకంటే చెడ్డ పని ఇంకోటి లేదని. ఆ రోజు నుంచి మానేశాను. మీ పీఈటీ గారితో కోపంగా కాకుండా కూర్చుని మాట్లాడండి. బాబుని టీమ్‌లోంచి తీసేయమని అడగొద్దు, ఎగిరే పని తగ్గించమని అడగండి. సర్వీస్ చేయొచ్చు, నిలబడి బంతి ఎత్తి ఇవ్వొచ్చు, స్కోరు రాయొచ్చు. జట్టులోంచి పూర్తిగా తీసేస్తే పిల్లలు లోపల కుమిలిపోతారు, ఆ తర్వాత నొప్పి వచ్చినా దాచేస్తారు. మీవాడు ఇప్పటికే దాస్తున్నాడు కదా.

ఫిజియో, విజయనగరం

మేడమ్, మీరు రాసింది చదివితే ఇది ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్యలా ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పడం తప్పు, అయినా వయసు, చోటు, బొడిపె, ఎగిరితే పెరగడం, పొడుగు ఎదిగే సమయం, అన్నీ దానికి సరిపోతున్నాయి. పేరు విని కంగారు పడకండి, 1903లో బోస్టన్‌లో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు దీని గురించి రాశారు, అందుకని ఆ పేరు. క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు.

లోపల జరిగేది ఇది. తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరం మోకాలి చిప్పని పట్టుకుని, అక్కడి నుంచి గట్టి తాడులాంటి టెండన్‌గా కిందకి దిగి, ముంగాలి ఎముక పైభాగంలో అతుక్కుంటుంది. పెద్దవాళ్ళలో ఆ అతుకు గట్టి ఎముక మీద ఉంటుంది. ఎదిగే పిల్లల్లో అక్కడ ఇంకా ఎముకగా మారని మెత్తటి భాగం ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటాం. బాబు ఎగిరినప్పుడు, ముఖ్యంగా కిందకి దిగినప్పుడు ఆ కండరం మొత్తం బలంతో అక్కడ లాగుతుంది. రోజుకి వంద సార్లు లాగితే, రాత్రికి అది సర్దుకునేలోపే పొద్దున్న లాంగ్ జంప్‌తో మళ్ళీ లాగితే, అక్కడ వాపు, నొప్పి వస్తాయి, ఎముక కొంచెం పైకి లేస్తుంది. మగపిల్లల్లో ఎక్కువగా 12-15 మధ్య, ఆడపిల్లల్లో ఇంకాస్త ముందే 10-12 ప్రాంతంలో చూస్తాం. రెండు కాళ్ళకీ రావడం కూడా మామూలే.

పక్కింటావిడ చెప్పిన ఎదిగే నొప్పులు వేరు. అవి చిన్నపిల్లల్లో, సుమారు 3-12 ఏళ్ళ మధ్య, సాయంత్రమో రాత్రో రెండు కాళ్ళ పిక్కల్లో, తొడల్లో వస్తాయి, పొద్దున్నకి ఏమీ ఉండదు, పిల్లలు కుంటరు, ఒక చోట వేలు పెట్టి ఇక్కడే అని చూపించరు. మీవాడు వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఆ ఒక్క తేడాతోనే మాకు సగం తెలుస్తుంది. బొడిపె మీద వేలు పెడితే ఇది, చిప్ప కింది కొస మీద పెడితే దీనికి దగ్గర చుట్టం లాంటి ఇంకో సమస్య, చిప్ప చుట్టూ అరచెయ్యి తిప్పి చూపిస్తే మరొకటి.

ఎక్స్‌రే ప్రతి పిల్లకీ అక్కర్లేదు, చేత్తో పరీక్ష చేసి చెప్పొచ్చు. అయితే నిద్రలోంచి లేపేసే నొప్పి, ఆటతో సంబంధం లేకుండా విశ్రాంతిలో కూడా నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, మోకీలు మొత్తం ఉబ్బడం, కాలు మధ్యలో పట్టేసి చాచలేకపోవడం, ఇలాంటిది ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఎక్స్‌రే తీయించాలి. ఇంకొకటి, ఎగిరేటప్పుడు టప్పుమని శబ్దం వచ్చి పడిపోయి, ఆ తర్వాత కాలు తిన్నగా ఎత్తలేకపోతే అక్కడ ఎముక ఊడి ఉండొచ్చు, అది అదే రోజు ఆసుపత్రి పని.

ఇప్పుడు ఆట సంగతి. మీ ఆయన అన్నట్టు పూర్తిగా మానిపించనక్కర్లేదు, ఇప్పుడు ఆడుతున్నంతా ఆడనివ్వడమూ కుదరదు. ఒక ఆదివారం మీరే కోర్టు దగ్గర కూర్చుని వాడు ఎన్నిసార్లు ఎగురుతున్నాడో లెక్కపెట్టండి, చాలామంది తల్లిదండ్రులు ఆ లెక్క చూసి తెల్లబోతారు. లాంగ్ జంప్ ముందు ఆపేయండి. వాలీబాల్‌లో మొదటి నాలుగు వారాలు ఎగరడం వద్దు, నిలబడి ఆడే పనులే. తర్వాత నెమ్మదిగా, లెక్కపెట్టి పెంచాలి. నొప్పిని సున్నా నుంచి పది వరకు వాడినే చెప్పమనండి. ఆడేటప్పుడు రెండు మూడు వరకు పర్వాలేదు, మర్నాడు పొద్దున్నకి అది పోవాలి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు ఇంకా ఉందంటే నిన్నటి ఆట ఎక్కువైందని అర్థం, తర్వాతిసారి తగ్గించాలి. ఈ లెక్క వాడి చేతికే ఇవ్వండి. నొప్పి అని చెబితే ఆట పోతుందనే భయం పోవాలంటే, చెప్పడం వల్లే ఆట మిగులుతుందని వాడికి కనబడాలి.

వ్యాయామం తప్పనిసరి. మొదట కదలిక లేకుండా బలం పెట్టేవి. కాలు చాచి కూర్చుని తొడ బిగించి పట్టి ఉంచడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము ఎత్తి ఉంచడం. నొప్పి దిగాక గోడకి ఆనుకుని సగం కూర్చోవడం, అంటే మన బళ్ళలో శిక్షగా వేయించే గోడకుర్చీయే, కానీ లోతు తక్కువగా, నొప్పి రెండు మూడు దాటకుండా, కొన్ని సెకన్లతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఒక కాలు ముందుకేసి వంగడం. డెన్మార్క్‌లో 10-14 ఏళ్ళ పిల్లలు 51 మందికి ఇదే పద్ధతి, ఆట తగ్గించి బలం పెంచడం, 12 వారాలు చేయించి 2020లో ఫలితాలు వేశారు. 12 వారాలకి 80 శాతం మంది బాగుందన్నారు, ఏడాదికి 90 శాతం. అయితే అదే చోట ఇంకో లెక్క కూడా ఉంది, తల్లిదండ్రులకి నేను దాన్నే ముందు చెబుతాను. 12 వారాలకి తిరిగి ఆటలోకి వచ్చినవాళ్ళు 16 శాతమే, ఏడాదికి 69 శాతం. అంటే నొప్పి తగ్గడం వేరు, పూర్తిగా ఆడగలగడం వేరు. వచ్చే నెల సెలక్షన్స్ అని తొందరపడితే మళ్ళీ మొదటికే వస్తుంది.

నూనె రాయడం ఆపక్కర్లేదు, మీ అత్తగారిని తొడ మీద మెల్లగా రాయమనండి, బొడిపె మీద గట్టిగా రుద్దడం మాత్రం మానాలి, అది పుండు మీద రుద్దినట్టే. ఆడొచ్చాక ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి 10-15 నిమిషాలు పెట్టండి. ఆ చోట స్టిరాయిడ్ ఇంజక్షన్ అసలు వద్దు. నొప్పి మాత్రలు కూడా డాక్టర్ చెప్పిన మోతాదులోనే, అదీ ఆడటం కోసం ముందుగా వేసుకోవడం అస్సలు పనికిరాదు. మీ విషయంలో ఇంజక్షన్ నొప్పిని కప్పేసింది, ఆ రెండు రోజుల ఆట మూడో రోజు బయటపడింది. స్కూలుకి సైకిల్ మీద వెళ్తుంటే సీటు ఎత్తించండి, సీటు కిందకి ఉంటే మోకాలు ఎక్కువ మడిచి తొక్కాలి. ఎదిగే పిల్లలకి మనం సీటు ఎత్తించడం మర్చిపోతాం.

రాజాం నాన్న

పైన ఫిజియో గారు చెప్పినదంతా నిజమే, కానీ నేను ఇంకో మాట చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మావాడిదీ మోకాలి నొప్పే. 12 ఏళ్ళప్పుడు మొదలైంది. కాస్త ఒళ్ళున్న పిల్లాడు, కబడ్డీ ఆడేవాడు. నొప్పి ఎక్కడరా అంటే మోకాలు పైన, తొడ లోపలి వైపు అని చేత్తో రాసి చూపించేవాడు. బొడిపె లేదు, ముట్టుకుంటే నొప్పీ లేదు. మేం తీసుకెళ్ళిన చోట మోకాలికి ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు, కాల్షియం మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు గడిచాయి. పాదం బయటికి తిప్పి నడవడం మొదలుపెట్టాడు, మేం అదేదో అలవాటు అనుకుని తిన్నగా నడవరా అని కసిరాం. ఆ కసురు గుర్తొస్తే ఇప్పటికీ గుండె పిండినట్టవుతుంది.

చివరికి విశాఖ కేజీహెచ్‌లో ఒక డాక్టర్ గారు వాణ్ణి పడుకోబెట్టి మోకాలు ముట్టుకోకుండా ముందు తుంటి తిప్పి చూశారు. కాలు లోపలికి తిరగలేదు. వెంటనే తుంటికి ఎక్స్‌రే తీయించారు. తుంటి బంతి దాని మెడ మీంచి జారింది, ఎదిగే పిల్లల్లో గ్రోత్ ప్లేట్ దగ్గర అలా జారుతుందట, తుంటి నుంచి వచ్చే నొప్పి మోకాల్లో తెలుస్తుందట. అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా నడవనివ్వలేదు, స్ట్రెచర్ మీదే తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. రెండో తుంటి కూడా జారే అవకాశం ఉంటుందని చెప్పి చాలాకాలం చూపించుకోమన్నారు. ఇప్పుడు నడుస్తున్నాడు, దేవుడి దయ. ముందే పట్టుకుని ఉంటే జారడం తక్కువలో ఆగేదన్నారు.

మీ బాబుకి బొడిపె మీదే నొప్పి కాబట్టి మాలాంటిది కాకపోవచ్చు. అయినా ఎవరికి చూపించినా సరే, తుంటి కూడా తిప్పి చూడమని నోరు తెరిచి అడగండి. ఒక్క నిమిషం పని.

ఫిజియో, విజయనగరం

రాజాం నాన్నగారూ, ఇది రాసినందుకు మీకు దండం. మోకాలి నొప్పి అని వచ్చిన ఏ పిల్లకైనా తుంటి చూడాల్సిందే, నా పోస్టులో అది రాయకపోవడం నా తప్పు. కుంటుతూ, పాదం బయటికి తిప్పి నడిచే పిల్లని నడిపించకుండా ఎత్తుకునో, వీల్‌చైర్‌లోనో తీసుకెళ్ళాలి, అదీ అదే రోజు. నరసన్నపేట మేడమ్, మీవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు, తుంటి మడిచి పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పండి. అప్పుడు తుంటి లోపలికి తిరుగుతుంది. రెండు కాళ్ళూ ఒకేలా తిరుగుతున్నాయా చూడండి. తేడా ఉన్నా, తొడలోనో గజ్జలోనో నొప్పి వచ్చినా బలవంతం చేయకుండా అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. తేడా ఏమీ కనబడకపోయినా డాక్టర్ చేత ఒకసారి చూపించడం మానకండి.

కొండవెలగాడ అక్క

నేను వెయిట్‌లిఫ్టింగ్ చేసేదాన్ని. మా వైపు ఆడపిల్లలు రాడ్ పట్టుకోవడం వింత కాదు, ఊసవానిపేట నుంచి వెళ్ళి మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కథ చెప్పే మమ్మల్ని పెంచారు. నాకు 11 ఏళ్ళప్పుడు రెండు మోకాళ్ళకీ ఇదే వచ్చింది. స్క్వాట్ కిందకి దిగేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉండేది. ఇంట్లో చెప్పలేదు, చెబితే "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు" అంటారని. రామతీర్థం వెళ్ళినప్పుడు కొండ మెట్లు ఎక్కేశాను గానీ దిగేటప్పుడు కూర్చుండిపోయాను, అప్పుడు బయటపడింది.

మా కోచ్ గారు మంచివారు. డాక్టర్‌కి చూపించాక నన్ను సెంటర్‌కి రావద్దనలేదు. బరువు తగ్గించారు, లోతుగా కూర్చునేవి ఆపేశారు, చేతులు, భుజాలు, నడుము పనులు చేయించారు. అందరూ పెద్ద బరువులు ఎత్తుతుంటే నేను ఖాళీ రాడ్‌తో ఉండటం నామోషీగా అనిపించేది, రోజూ ఏడ్చేదాన్ని. ఒక ఏడాది పైనే పట్టింది. 13 దాటాక, పొడుగు ఆగే సమయానికి నొప్పి తగ్గుతూ వచ్చి పోయింది, తర్వాత నాలుగేళ్ళు బాగానే ఎత్తాను.

బొడిపె మాత్రం ఇప్పటికీ ఉంది. అది పోదు, నొప్పి పోయినా ఎముక అలాగే గట్టిపడిపోతుంది. గుడిలో మోకాళ్ళ మీద కూర్చుంటే ఇప్పటికీ తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. మీ బాబుకి ఇది ముందే చెప్పండి, లేకపోతే బొడిపె పోలేదు కాబట్టి జబ్బు తగ్గలేదని మనసులో పెట్టుకుంటాడు. నేను రెండేళ్ళు అలాగే అనుకున్నాను, ఎవరూ చెప్పలేదు మరి.

ఇంకొకటి, మోకాలి చిప్ప కింద కట్టుకునే పట్టీ దొరుకుతుంది, నాకు కొంచెం ఆసరాగా ఉండేది. అది కట్టుకున్నామని ఎక్కువ ఆడేయకూడదు. బోర్లా పడుకుని మడమని పిరుదుల వైపు లాగే వ్యాయామం మొదట్లో నాకు నొప్పి పెంచింది, వాపు తగ్గాక చేస్తే బాగుంది.

నరసన్నపేట అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఏదైనా తేలాక చెప్దామని.

శ్రీకాకుళం తీసుకెళ్ళి ఎముకల డాక్టర్‌కి చూపించాం. నేను అడిగేలోపే ఆయన తుంటి తిప్పి చూశారు, రెండూ బాగున్నాయి. రాజాం అన్నయ్య గారూ, ఆ రెండు నిమిషాలు నేను ఊపిరి పీల్చలేదు. ఆస్‌గుడ్ ష్లాటరే అన్నారు. రాత్రి నొప్పి లేదు, జ్వరం లేదు కాబట్టి ఎక్స్‌రే అక్కర్లేదన్నారు, నెల తర్వాత రమ్మన్నారు.

ఆదివారం కోర్టు దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. రెండు పూటలా కలిపి 212 ఎగుళ్ళు, అదీ నాకు లెక్క తప్పినవి వదిలేస్తే. ఆ కాగితం ఫొటో తీసి మా ఆయనకి పంపాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మానిపించకు, తగ్గించు" అన్నారు. ఆ మాట వాడికి స్పీకర్‌లో వినిపించాను.

పీఈటీ గారు కూడా ఒప్పుకున్నారు. లాంగ్ జంప్ ఈ ఏడాదికి లేదు, దానికి మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కోర్టులో వెనక నిలబడి సర్వీస్ చేస్తున్నాడు, బంతి ఎత్తి ఇస్తున్నాడు. తలుపు వెనక గోడ మీద పొడుగు గీతలు ఉంటాయి మా ఇంట్లో, వాటి పక్కనే రోజూ పొద్దున్న మెట్లు దిగాక నొప్పి అంకె పెన్సిల్‌తో రాస్తున్నాడు. మొదటి రోజు 6. నిన్న 3, ఈ రోజు మళ్ళీ 4, ఎందుకంటే నిన్న ఎవరూ చూడకుండా రెండు సార్లు ఎగిరాడట, వాడే వచ్చి చెప్పాడు.

సైకిల్ సీటు ఎత్తించాం. ఫిజియో గారూ, గోడకుర్చీ మొదలుపెట్టడానికి అంకె ఎంతకి దిగాలి? మూడు వరుసగా ఎన్ని రోజులు ఉండాలి?

ఫిజియో, విజయనగరం

మొదటి నాలుగు వారాలు పూర్తవనివ్వండి, ఆ తర్వాత వారం పాటు పొద్దున్న అంకె 2 దాటకపోతే మొదలుపెట్టొచ్చు. మోకాలు కొంచెమే మడిచి, పది సెకన్లు, అయిదు సార్లు. మర్నాడు అంకె పెరిగితే రెండు రోజులు ఆపి మళ్ళీ. వచ్చే నెల డాక్టర్‌ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ గోడ ఫొటో తీసుకెళ్ళండి. దొంగతనంగా ఎగిరి వచ్చి తనే చెప్పినందుకు వాణ్ణి తిట్టకండి.

నరసన్నపేట అమ్మ

తిట్టలేదండి. 4 పక్కన "ఎగిరాను, 2 సార్లు" అని కూడా రాయమన్నాను, రాశాడు.